పన్నెండో డొంబ్రం

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాయలేదని మొహం ముడుచుకుని కూర్చుని ఉంటావు. ఫోను చేసుకోవచ్చు కదా అంటుంది మరదలు. చేస్తే ఏమవుతుందో ఆవిడకి తెలీదు పాపం. నువ్వో మాట అంటావు, నేను రెండంటాను, టక్కున పెట్టేస్తావు. ఉత్తరమైతే కవరు అంటించేలోగా సగం కోపం చల్లారుతుంది. అమ్మ పోయిన ఏడాది మనం పెట్టుకున్న ఒప్పందాల్లో నిలబడింది ఇదొక్కటే.

నాన్నకి ఎలా ఉంది? పక్షవాతం వచ్చి అప్పుడే మూడు నెలలు కావస్తోంది, కుడి చెయ్యి ఏమైనా కదులుతోందా? మాట సంగతి ఏమీ రాయలేదు నువ్వు.

ఇక్కడ నా తలనొప్పి విను. ఫౌండ్రీ నవల ఇచ్చాను కదా, సంపాదకుడు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి రాతప్రతి నా ముందుకి తోశాడు. బూతు ఉన్న చోటల్లా ఎర్ర పెన్సిలు గీత. "ఇది ఇంట్లో అందరూ చదివే పుస్తకమమ్మా" అన్నాడు. "కరిగిన ఇనుము కాలి మీద ఒలకబోతుంటే ఫోర్మన్ 'ఎంత అజాగ్రత్త నాయనా' అంటాడా అండీ?" అన్నాను. చుక్కలు పెట్టుకోమన్నాడు. ఇంటికొచ్చి పెట్టి చూశాను. పేజీకి మశూచి పోసినట్టుంది. పైగా చుక్కలు పెడితే చదివేవాడు వాటిని తనకొచ్చిన బూతులతో నింపుకుంటాడు, నేను రాసినదానికంటే నాలుగాకులు ఎక్కువే.

అప్పుడు గుర్తొచ్చాయి నాన్న తిట్లు. ఫౌండ్రీలో ఫోర్మన్‌గా ఉన్నప్పుడు నోటి దురుసుకి రెండుసార్లు సస్పెండయ్యాడు, మూడోసారైతే ఉద్యోగం ఊడుతుంది, అందుకని ఎవరికీ అర్థం కాని తిట్లు పుట్టించాడు. చార్జిషీటు రాసే గుమాస్తా "దీనికి అర్థం చెప్పండి, కాగితం మీద పెట్టాలి" అంటే, "నాకూ తెలీదండీ" అన్నాడట. ఆ కథ ఫౌండ్రీ అంతా చెప్పుకునేవాళ్లు. నాకు 'నీ డొంబ్రం తెగ', 'ఝింకటాయి మొహం' తప్ప గుర్తులేవు. నువ్వు అదే కంపెనీలో లేత్ మిషను మీద ఉన్నావు, పాతవాళ్లని అడిగి మిగతావి పంపు. పుస్తకం పని తెమిలాక మార్చిలో వస్తాను, నెల ఉంటాను, ఒట్టు.

తిట్టడానికి మాటలు కరువైన
నీ అక్క

జనవరి 17

అక్కా,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మార్చిలో చూద్దాం.

నాన్న మాట సంగతి రాయలేదంటే ఎలా రాయాలో తెలియక. మాటలన్నీ పోయాయి, ఒక్కటి మిగిలింది. ఏ మాటో నువ్వు నమ్మవు. డొంబ్రం. నీళ్లు కావాలన్నా డొంబ్రం, దుప్పటి కావాలన్నా డొంబ్రం. మాటలు నేర్పే డాక్టరమ్మ, ఇలాంటివాళ్లకి ఒక్కోసారి తిట్లే మిగులుతాయి, అవి తలలో వేరే చోట ఉంటాయి అంది. నేను సిగ్గుపడి క్షమించమన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆ ఒక్కటీ జాగ్రత్తగా కాపాడుకోండి. అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు పలకాలి. మాట్లాడి లాభం లేదని ఆయనకి అనిపిస్తే ఆపేస్తారు. ఈ వయసులో ఆపేస్తే మళ్లీ రాదు" అంది.

అప్పట్నుంచి నోటుబుక్కు పెట్టాను. వినగా వినగా, అది ఒక మాట కాదక్కా, పన్నెండు. పొట్టిగా తుంచినట్టు అంటే నీళ్లు. చివర సాగదీస్తే కిటికీ. గొంతులోంచి రెండుసార్లు వస్తే నన్ను పిలవడం. ఏడోది రాయక్కర్లేదు, అప్పుడు పరిగెత్తాలి అంతే. పదకొండు తేలాయి. పన్నెండోదే తేలలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వంటగది గుమ్మం వైపు చూస్తూ, మెత్తగా, ఏదో అడుగుతున్నట్టు అంటాడు. మా ఆవిడ ఉరుక్కుంటూ వస్తే కాదని తలూపుతాడు. కోపం లేదు, చిన్నగా నవ్వుతాడు. దాని ఎదురుగా ప్రశ్న గుర్తు పెట్టాను. "పదేళ్లలో ఒక్క మాట అనని మామగారు ఇప్పుడు రోజుకి నలభైసార్లు తిడుతున్నారు" అని మా ఆవిడ వేళాకోళం.

నోటుబుక్కే పంపుతున్నాను, నాకు కంఠతా వచ్చేసింది. చివరి పేజీల్లో పాతవాళ్లు చెప్పిన మిగతా తిట్లూ ఉన్నాయి. వచ్చేలోగా బాగా చదువుకో. లేకపోతే నాన్న నీళ్లడిగితే నువ్వు కిటికీ మూస్తావు.

రోజుకి నలభైసార్లు పలికే
నీ తమ్ముడు

ఫిబ్రవరి 2

బంగారుకొండా,

నోటుబుక్కు అందింది. నాన్న సంగతి రెండుసార్లు చదివాను. తర్వాత చివరి పేజీలు తిప్పి పగలబడి నవ్వాను. నువ్వు ఇది మనసులో పెట్టుకుని సాధిస్తావని తెలుసు, అయినా నిజం చెబుతున్నాను. బడుగ్రాసి, తుంబ్రగొట్టు, లొంగ్రాకు. ఏం మాటలురా అవి. ఉట్టుట్టి తిట్టు పుట్టించడం తేలికనుకుంటారు. నేను రెండు రోజులు కూర్చుని పుట్టించినవన్నీ మందుల పేర్లలా ఉన్నాయి. తిట్టు పళ్ల మధ్య కాస్త నలిగి బయటికి రావాలి, విన్నవాడికి అర్థం తెలియకపోయినా తనకి తగిలిందని తెలియాలి. నాన్నకి ఆ చెవి ఎక్కడ్నుంచి వచ్చిందో. ఇంట్లో నేనొక్కదాన్నే రచయిత్రిని అనుకునేదాన్ని.

సంపాదకుడు కొత్త ప్రతి చదువుతూ పెదాలు కదిలించాడు. "ఏమిటమ్మా దీనర్థం?" అన్నాడు. "నాకూ తెలీదండీ" అన్నాను. పెన్సిలు కింద పెట్టేశాడు.

ఏడో అధ్యాయంలో అమ్మ కూడా ఉంది. నీకు అప్పుడు నాలుగేళ్లు, ఏమీ గుర్తుండదు. పొద్దున్నే నాన్న డ్యూటీకి వెళ్లేముందు వంటగది తలుపు దగ్గరగా వేసి ఉండేది. సందులోంచి నేను చూసింది ఒకటి ముప్ఫై ఏళ్లుగా నాలో ఉండిపోయింది. ఉత్తరంలో రాయలేను, పుస్తకంలో రాశాను.

మార్చి కుదరదురా. ప్రూఫులు అప్పుడే వస్తాయట. తిట్టుకో, నోటుబుక్కు చూసి మరీ తిట్టుకో.

నీ అక్క

ఫిబ్రవరి 20

అక్కా,

మార్చి వచ్చే ఏడాది కూడా వస్తుందిలే.

నేను నోటుబుక్కు పంపింది నువ్వు వచ్చి నాన్నతో మాట్లాడతావని. నీకు కావలసింది పుస్తకానికి తిట్లే. సరే, పనికొచ్చింది కదా. ముందు మండిపడ్డాను, మా ఆవిడ చెప్పింది, "తండ్రి గురించి పుస్తకం రాసే కూతుళ్లు ఎంతమంది ఉంటారు, ఊరుకోండి" అని. ఊరుకున్నాను.

నాన్నతో చెప్పాను, అక్క నీ మీద పుస్తకం రాస్తోంది, అందులో నీ తిట్లున్నాయి, అమ్మ కూడా ఉందట అని. మొహం వెలిగిపోయింది. ఏదో డొంబ్రం అన్నాడు, ఏ నంబరో పోల్చుకునేలోగా కంపెనీ బస్సు హారన్ కొట్టింది, వెళ్లిపోయాను. నువ్వు వంటగదిలో ఏం చూశావో గానీ, అమ్మ గురించి ఒక మంచి మాట వింటే నాన్నకి అదే మందు. ఈ మధ్య ఎడమచేత్తో చెంచా పట్టుకుంటున్నాడు. డాక్టరమ్మ, గొంతు బలపడుతోంది, ఇంకో మాట రావచ్చు అంది. పుస్తకం త్వరగా పంపు.

నీ తమ్ముడు

జూన్ 11

తమ్ముడూ,

పుస్తకం వచ్చేసింది. రెండు ప్రతులు విడిగా పార్సెల్ చేశాను, ఒకటి నాన్నకి. ముందుగానే చెప్తున్నా, అట్ట మీద ఫోర్మన్ మీసాలు నాకు నచ్చలేదు, నేను చెప్పినా వినలేదు.

చదివినవాళ్లు ఉత్తరాలు రాస్తున్నారు. అందరూ తిట్ల గురించే. ఒకావిడ, మా ఆయన చచ్చు బండి స్టార్టవకపోతే ఇప్పుడు ఝింకటాయి అంటున్నాడు, అసలు తిట్టు మానేశాడు, మీకు పుణ్యం ఉంటుంది అని రాసింది. డొంబ్రం అయితే మా ఆఫీసులో గుమాస్తాల నోళ్లలో నానుతోంది. సంపాదకుడి ఆనందం చూడాలి.

ఒక్క పని చెయ్యి. నాన్నకి చదివి వినిపించు. మొత్తం, పేజీ వదలకుండా. ముఖ్యంగా ఏడో అధ్యాయం నెమ్మదిగా చదువు. నేను ఎదురుగా నిలబడి చెప్పలేనిది అందులో ఉంది. అది నాన్న వినాలి. విన్నాక ఆయన మొహం ఎలా ఉందో నాకు రాయి, నీ వైపు నుంచి ఏమీ కలపకుండా రాయి.

అక్క

జులై 3

అక్కా,

నువ్వు రాయమన్నట్టే రాస్తున్నాను, ఏమీ కలపడం లేదు.

రోజూ డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఒక్కో అధ్యాయం చదివాను. మొదటి వారం నాన్న పండగ చేసుకున్నాడనుకో. తిట్టు వచ్చిన ప్రతిచోటా మంచం పట్టెని ఎడమచేత్తో కొట్టేవాడు. ఆరు అధ్యాయాలు అలా గడిచాయి. ఏడోది ముఖ్యమన్నావు కదా, మార్చిలో వస్తానని రానందుకు క్షమాపణ లాంటిదేదో రాసి ఉంటావనుకున్నాను, అమ్మ సంగతి ఎలాగూ ఉంది. అందుకని ఆదివారం పాతవాళ్లని కూడా పిలిచాను. నాన్న దగ్గర మూసలు చెయ్యడం నేర్చుకున్న ఇద్దరూ, క్రేన్ నడిపిన బాబాయీ వచ్చారు. మా ఆవిడ టీ పెట్టింది. నేను ముందు చదివి చూసుకోలేదు. అదీ నా తెలివి.

చదవడం మొదలుపెట్టాను. ఫోర్మన్ కంపెనీలో ఆఫీసుకి భయపడి మింగిన కోపమంతా ఇంటికి తెచ్చి పెళ్లాం మీద కక్కుతాడు. పొద్దున్నే వంటగది తలుపు వేసి ఆవిడ్ని డొంబ్రం, డొంబ్రం అని తిడతాడు. ఆవిడ స్టవ్వు వైపు తిరిగి, చేత్తో నోరు మూసుకుని ఏడుస్తుంది. భుజాలు కదులుతుంటాయి. తలుపు సందులోంచి కూతురు చూస్తుంది. ఆపాలో సాగించాలో తెలియలేదు. నెమ్మదిగా చదవమన్నావు కదా, నెమ్మదిగానే చదివాను.

నాన్న చెయ్యి ఎత్తాడు. డొంబ్రం అన్నాడు. నా నోటుబుక్కులో లేని డొంబ్రం. మళ్లీ అన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు, నాకేసి, వాళ్లకేసి, పుస్తకం కేసి చూస్తూ. కళ్లు పెద్దవి చేసుకుని, మెడ నరాలు తేలేలా. అక్కా, వాళ్లు నవ్వారు. మూసలవాళ్లిద్దరూ చప్పట్లు కొట్టి, "చూశావా, గురువుగారికి పౌరుషం తగ్గలేదు, నీ డొంబ్రం తెగ" అన్నారు. నేనూ నవ్వాను. పుస్తకంలో ఫోర్మన్ పెళ్లాన్ని ఏ మాట అంటాడో, ఇక్కడ నాన్న అదే మాట అరుస్తున్నాడు. ఎంత కాదని చెప్పబోతే అంత అవునన్నట్టు ఉంది. ఆయన దగ్గర కాదు అనడానికి ఉన్నది కూడా ఆ మాటే కదా.

క్రేన్ బాబాయికి చెవులు సరిగ్గా వినపడవు, ఫౌండ్రీ మోతకి పోయాయి. ఆయనొక్కడే నాన్న మొహం చూశాడు. నా చేతిలోంచి పుస్తకం లాక్కుని తనే చదువుకుని, నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఎవరు చెప్పారురా మీకు ఆ తిట్లు మీ నాన్న పుట్టించాడని? మీ అమ్మ పుట్టించింది. రెండోసారి సస్పెండయినప్పుడు, మీకు నోరు ఆగదు కదా, నేనిస్తాను తిట్లు, అవే తిట్టండి అందట. రోజూ క్యారియర్ మూతలో చీటీ పెట్టేది, ఆవిడ రాతలో, ఆ రోజు తిట్టు. మా పాత జట్టు నలుగురం చుట్టూ చేరి, ఇవాళ వదిన ఏం వండిందిరా అని అడిగేవాళ్లం, ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. పొద్దున్నే వంటగదిలో పలకడం నేర్పేదట, గట్టిగా ఒకసారి, మెల్లిగా ఒకసారి. మీ నాన్న పలుకుతుంటే నవ్వాపుకోలేక నోరు మూసుకునేదట. చిన్నపిల్లల బడిలో టీచరు కదా, బూతులు రాస్తుందని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా? అందుకే మీకు కూడా చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది. మొట్టమొదటి చీటీలో రాసిందే డొంబ్రం. వాడు ఇంట్లో ఆవిడ్ని ఆ పేరుతోనే పిలిచేవాడు, మీరు నిద్రపోయాక."

లోపలికి పరిగెత్తి నాన్న చెయ్యి పట్టుకుని చెప్పాను, తెలిసింది నాన్నా, అక్కకి తెలీదు, పొరపాటు అయిపోయింది అని. వంద రకాలుగా చెప్పాను. ఆయన పుస్తకం వైపు చూపించాడు. తర్వాత నోరు మూసుకున్నాడు.

ఇది జరిగి పదకొండు రోజులైంది. నీళ్లడగలేదు. కిటికీ అడగలేదు. సాయంత్రం గుమ్మం వైపు చూడటం లేదు. మొహం ఎలా ఉందో రాయమన్నావు. ఏమీ లేదు మొహంలో.

తమ్ముడు

జులై 12

తమ్ముడూ,

మొదట బాబాయి కథలు అల్లుతున్నాడనుకున్నాను. నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాసి చింపేశాను. తర్వాత అమ్మ భుజాలు గుర్తొచ్చాయి. నవ్వు ఆపుకుంటే అమ్మ భుజాలు అలాగే కదిలేవి కదరా. నువ్వు పంతులుగారిని వెక్కిరించినప్పుడు, నేను పాటల పోటీలో కీచుమన్నప్పుడు. వందసార్లు చూశాను. ఆ ఒక్కసారి మాత్రం ఏడుపని రాసుకున్నాను, ముప్ఫై ఏళ్లు దాన్ని దాచుకుని నాన్నని తప్పు పట్టాను. మార్చిలో ప్రూఫులు రెండు రోజుల పనే. నేను రానిది ప్రూఫుల వల్ల కాదు. నాన్నని చూసుకోవాలనిపించలేదు.

సంపాదకుడి దగ్గరికి వెళ్లి ఏడో అధ్యాయం తీసెయ్యమన్నాను. రెండో ముద్రణ అయిపోయిందట. "అయినా ఆ అధ్యాయమే కదమ్మా పుస్తకం, పత్రికలన్నీ దాని గురించే రాస్తున్నాయి" అన్నాడు. బయటికొచ్చి బస్సెక్కాను. సీటు కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకడు "నీ డొంబ్రం తెగ" అన్నాడు, బస్సంతా నవ్వింది. అమ్మ క్యారియర్ మూతలో పెట్టిన మాట. దిగి నడిచి ఇంటికొచ్చాను.

ఏడో అధ్యాయం మళ్లీ రాశాను, చేత్తో. అమ్మ నవ్వుతుంది అందులో. శనివారం బయలుదేరుతున్నాను. నేనే చదివి వినిపిస్తాను. నోటుబుక్కు తెస్తున్నాను, పన్నెండూ నేర్చుకున్నాను. ఆ పన్నెండోది ఏమిటో నీకూ తెలిసే ఉంటుంది ఈపాటికి.

వచ్చేలోగా నాన్న ఏమైనా అంటే రాయొద్దు, ఫోను చెయ్యి. ఒప్పందం సంగతి తర్వాత చూసుకుందాం.

అక్క

సెప్టెంబరు 6

అక్కా,

క్షేమంగా చేరానని రాశావు, సంతోషం. స్టేషనులో నీతో సరిగ్గా మాట్లాడలేదని బాధపడ్డావు. నీ మీద కోపం కాదు. నీ తప్పేం లేదు అని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. చదివింది నేను, నవ్వింది నేను.

నువ్వున్న పదిహేను రోజులూ గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కొత్త అధ్యాయం మూడుసార్లు చదివావు. మూడోసారి ఏడ్చావు. నాన్న పైకప్పు చూస్తూ ఉన్నాడు. వినలేదని అనుకోకు, విన్నాడు. పుస్తకంలో ఉన్నది అచ్చు, నువ్వు చదివింది చేతిరాత, ఆయనకి తేడా తెలుసు. చివరి సాయంత్రం నువ్వు వంటగది గుమ్మంలో నిలబడి, అచ్చం ఆయన అన్నట్టే మెత్తగా డొంబ్రం అన్నావు. అదొక్కటి చెయ్యకుండా ఉండాల్సింది. తల తిప్పి చూశాడు. గబుక్కున చూశాడు. గుమ్మంలో నువ్వు కనిపించేసరికి గోడ వైపు తిరిగిపోయాడు. నువ్వు అప్పటికే మొహం కప్పుకున్నావు, అది చూడలేదు. చూడకపోవడమే మంచిదనుకున్నాను గానీ, మన ఇంట్లో చూసీ చూడకుండా వదిలేసిన సంగతులు చాలు, అందుకే రాస్తున్నాను.

డాక్టరమ్మ నిన్న వచ్చింది. గొంతు పట్టి చూసి, ఇక తను రావక్కర్లేదంది. మంచం దగ్గర గంట కట్టాం, ఎడమచేతికి అందేలా. ముట్టుకోడు. క్రేన్ బాబాయి రోజూ వచ్చి పక్కన కూర్చుని వెళ్తున్నాడు. వినపడనివాడూ పలకనివాడూ, వాళ్లిద్దరికీ ఇబ్బంది లేదు. కంపెనీలో మాత్రం నా లేత్ పక్కన ఎవరికి బోల్టు జారినా అదే మాట అంటున్నారు. అనొద్దని ఎవరితో చెప్పను.

నోటుబుక్కు నువ్వు దిండు కింద పెట్టి వెళ్లావు. పన్నెండో దాని ఎదురుగా నా ప్రశ్న గుర్తు అలాగే ఉంది. కొట్టేసి 'అమ్మ' అని రాశాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు నాన్నకి ఎప్పుడు దాహం వేస్తుందో తెలియదు కాబట్టి, గంటకోసారి గ్లాసు పెదాల దగ్గర పెడుతున్నాం. ఒక్కోసారి తాగుతాడు.

నీ తమ్ముడు